ఎనిమిది తెడ్ల ఏడాది

రోయింగ్ క్రీడకు పడవ, తెడ్డు, నీరు ఎంత అవసరమో, వేళ తప్పకుండా వచ్చే మనుషులు అంతకన్నా ఎక్కువ అవసరం. ఎనిమిది మంది తెడ్డు వేయవలసిన పడవకు ఏడుగురే వచ్చిన ఉదయం ఆ పడవ నీటిలోకి దిగదు కాబట్టి, ఈ ఆటలో ప్రతిభ కన్నా ముందు హాజరును చూస్తారు. స్వలింగ, ద్విలింగ ఆకర్షణ గలవారిని, పుట్టినప్పుడు నమోదైన జెండర్‌కు భిన్నమైన జెండర్‌తో జీవించే ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను, ఈ వర్గీకరణల్లో దేనిలోనూ ఇమడని మరికొందరిని కలిపి నేడు క్వీర్ సమాజం అంటున్నారు. ఆ సమాజం తన కోసం నడుపుకుంటూ ఇతరులను కూడా ఆహ్వానించే రోయింగ్ క్లబ్బుల ప్రత్యేకతను అర్థం చేసుకోవాలన్నా ఈ హాజరు దగ్గరే మొదలుపెట్టాలి. ఏడాదికొకసారి ఆ సమాజం జరిపే ఊరేగింపులో పాల్గొనడం ధైర్యమే; అయితే వారంలో మూడు నాలుగు రోజులు, ఇంకా తెల్లవారకముందే, తన కోసం మరో ఎనిమిది మంది ఎదురుచూసే చోటికి వెళ్లడం ఆ మనిషికి ఇంకేదో ఇస్తుంది. తాను లేకపోతే పని ఆగిపోతుందన్న ఎరుక, ఇంట్లోనూ కాలేజీలోనూ తాను అక్కర్లేదని పదేపదే విన్న మనిషికి చిన్న విషయం కాదు.

అమెరికాలో ఇలాంటి క్లబ్బుల్లో మొదటిదిగా చెప్పుకునే డీసీ స్ట్రోక్స్ 1991లో వాషింగ్టన్ నగరంలో ఏర్పడింది. ఆ నాటికి ఆ దేశంలోని అనేక రాష్ట్రాల్లో స్వలింగ సంబంధం ఇంకా నేరమే. అటువంటి చట్టాలు చెల్లవని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది 2003లో. ఎయిడ్స్‌కు సరైన మందు లేక, స్నేహితులను ఒకరి వెంట ఒకరిని పోగొట్టుకుంటున్న తరం ఈ క్లబ్బును పెట్టుకుంది. వారు తెడ్డు వేసిన అనకోస్టియా నది పక్కనే ఉన్న పోటోమాక్‌కు దక్కిన పేరు ప్రతిష్ఠలకు నోచుకోలేదు; నగరపు మురుగును దశాబ్దాల పాటు మోసిన నది అది. ఆ ఒడ్డున పలు క్లబ్బులు కలిసి వాడుకునే పడవశాల నుంచే వీరి పడవలు కూడా బయల్దేరుతాయి. 1969లో న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ అనే బార్‌పై పోలీసులు దాడి చేసినప్పుడు అక్కడివారు చేసిన ప్రతిఘటన పేరిట వీరు స్టోన్‌వాల్ రెగట్టా నిర్వహిస్తున్నారు; రెగట్టా అంటే ఒకే చోట వరుసగా జరిగే పడవ పందేల సమాహారం. లండన్‌లో లండన్ ఆటర్స్, మెల్బోర్న్‌లో ఆర్గోనాట్స్ ఇదే కోవకు చెందినవి.

ఇక పడవ సంగతి. ఎయిట్ అనే ఎనిమిది మంది పడవ పదిహేడు మీటర్లకు పైగా పొడవుంటుంది, నడుము పట్టేంత వెడల్పే ఉంటుంది. అంతర్జాతీయ నియమాల ప్రకారం దాని బరువు 96 కిలోలకు తగ్గకూడదు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క తెడ్డే ఉండే ఈ పద్ధతిని స్వీప్ అంటారు, చెరో చేత్తో ఒక తెడ్డు పట్టే పద్ధతిని స్కల్లింగ్ అంటారు. తెడ్డు వేసేవారంతా పడవ సాగే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. వెనుక భాగంలో వారికి ఎదురుగా కూర్చుని, చుక్కాని తిప్పుతూ దారి చూసి ఆదేశాలిచ్చే తొమ్మిదో మనిషిని కాక్స్ అంటారు. కూర్చునే పీటకు చక్రాలుంటాయి, పాదాలు మాత్రం పడవకు బిగించిన బూట్లలో ఉంటాయి. మోకాళ్లు పూర్తిగా ముడుచుకుని ముందుకు జరిగి తెడ్డును నీట ముంచే క్షణం క్యాచ్, కాళ్లతో తన్నిపెట్టి వెనక్కి జరుగుతూ లాగడం డ్రైవ్, తెడ్డును నీటి నుంచి తీయడం ఫినిష్, మళ్లీ నిదానంగా ముందుకు జరగడం రికవరీ. కొత్తగా వచ్చినవారు చేతులతో లాగాలని చూస్తారు కానీ బలమంతా తొడల్లో ఉందని తెలియడానికి వారాలు పడుతుంది. రికవరీలో తొందరపడకూడదని తెలియడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఎనిమిది శరీరాల బరువు ఒకేసారి ముందుకు దూకితే పడవ వేగం అక్కడికక్కడే తగ్గిపోతుంది.

ఈ పనిలో ఎవరి లయ వారిదంటే కుదరదు. స్ట్రోక్ అని పిలిచే ఎనిమిదో స్థానంలోని మనిషి లయను నిర్ణయిస్తే మిగిలిన ఏడుగురు దాన్ని అందుకోవాలి. ముందున్న మనిషి వీపు కదలికను, భుజాల ఎత్తును, ఊపిరిని కూడా నెలల తరబడి గమనిస్తూ నేర్చుకోవాలి. తన నడకను, గొంతును, చేతుల కదలికను ఎవరు ఎలా చదువుతున్నారోనన్న భయంతో చిన్ననాటి నుంచీ శరీరాన్ని అదుపులో పెట్టుకుంటూ బతికిన మనిషికి ఈ శిక్షణ ఎంత భిన్నమైన అనుభవమో బయటివారికి సులువుగా అందదు. ఇక్కడ కూడా ఆ శరీరాన్ని చూస్తారు, తప్పు పడతారు, గట్టిగా సరిదిద్దుతారు; అయితే ఆ దిద్దుబాటంతా మణికట్టు వంపు గురించీ మోకాలు లేచే వేళ గురించీ ఉంటుంది. క్లబ్బు ఇచ్చే గౌరవంలో ఇదే అన్నిటికన్నా విలువైన భాగమని చెప్పవచ్చు.

ఉత్తరార్ధ గోళపు క్లబ్బుల్లో సీజన్ చలికాలపు గదిలో మొదలవుతుంది. నీరు గడ్డకట్టే చలిలో పడవ బోల్తా పడితే ప్రాణాపాయం కాబట్టి, ఆ నెలల్లో అభ్యాసమంతా ఎర్గోమీటర్ మీద సాగుతుంది. గొలుసు లాగితే గాలి చక్రం తిరిగి, అయిదు వందల మీటర్లకు ఎంత సమయం పడుతుందో తెర మీద చూపే యంత్రం ఇది. అనేకమంది ఈ యంత్రాన్ని అసహ్యించుకుంటారు, ఎందుకంటే దాని మీద ప్రతివారూ ఒంటరే, అంకె ముందు ఏ సాకూ చెల్లదు. అయినా ఇలాంటి క్లబ్బుల్లో ఆ అంకెను చదివే తీరు వేరుగా ఉండక తప్పదు. హార్మోన్ చికిత్సలో ఉన్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తి కండబలం నెలల వ్యవధిలో మారవచ్చు, అందుచేత నిరుటి అంకెతో గానీ పక్కవారి అంకెతో గానీ పోల్చడం అన్యాయమవుతుందని గ్రహించిన కోచ్ ఆ మనిషిని ఆటలో నిలుపుకోగలుగుతాడు, గ్రహించని కోచ్ పోగొట్టుకుంటాడు. వసంతంలో పడవలు నీటికి దిగుతాయి. 27 ఏళ్లు దాటినవారికి జరిపే మాస్టర్స్ పోటీల్లో వేసవి పందెం దూరం 1000 మీటర్లు, ఒలింపిక్స్‌లో 2000. శరదృతువులో హెడ్ రేసులు వస్తాయి. వీటిలో పడవలు ఒకదాని వెనుక ఒకటి కొంత ఎడంతో బయల్దేరి, దాదాపు అయిదు కిలోమీటర్ల మెలికల దారిలో గడియారంతో పోటీ పడతాయి. 1965 నుంచి బోస్టన్‌లో ఏటా అక్టోబరులో జరిగే హెడ్ ఆఫ్ ది చార్ల్స్ వీటిలో పేరెన్నికగన్నది.

పోటీ అనగానే వర్గీకరణ ప్రశ్న వస్తుంది. పురుషుల పడవ, స్త్రీల పడవ, సగం సగం ఉండే మిశ్రమ పడవ అన్న విభజనలో ఏ గడిలోనూ ఇమడని సభ్యులను ఎక్కడ కూర్చోబెట్టాలన్నది ఈ క్లబ్బులకు ప్రతి సీజన్‌లోనూ ఎదురయ్యే సమస్య. అంతర్జాతీయ సమాఖ్య 2017లో కాక్స్ స్థానానికి జెండర్ నియమాన్ని తొలగించింది. ఆ మార్పు ఫలితంగానే టోక్యో ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన న్యూజిలాండ్ మహిళల ఎయిట్‌కు కేలెబ్ షెపర్డ్ అనే పురుషుడు దారి చూపాడు. తెడ్డు వేసేవారి విషయంలో మాత్రం, ముఖ్యంగా ట్రాన్స్ మహిళల విషయంలో, అత్యున్నత స్థాయి నిబంధనలు సడలకుండా బిగుసుకుంటున్నాయి. పతకాల స్థాయిలో న్యాయమైన పోటీ అంటే ఏమిటన్న చర్చకు చోటుంది. ఆ చర్చను తెచ్చి ఆదివారం ఉదయం వ్యాయామం కోసం వచ్చిన మనిషి ముందు గేటుగా నిలబెట్టడం మాత్రం తప్పు.

మామూలు క్లబ్బులో ఎవరినీ రావద్దని అనడం లేదు కదా, మళ్లీ వేరే క్లబ్బు దేనికన్న ప్రశ్నను సద్బుద్ధితో అడిగేవారూ ఉన్నారు. వారు ఉదాహరణలు కూడా చూపగలరు. 2014లో తాను స్వలింగ ఆకర్షణ గలవాడినని బహిరంగంగా చెప్పిన న్యూజిలాండ్ రోయింగ్ క్రీడాకారుడు రాబీ మాన్సన్, 2017లో పోజ్నాన్‌లో ఒంటరి స్కల్లింగ్‌ను 6 నిమిషాల 30.74 సెకన్లలో ముగించి ప్రపంచంలోనే అత్యుత్తమ సమయం నమోదు చేశాడు. అంతకన్నా దగ్గరి ఉదాహరణ ద్యుతీ చంద్. హైదరాబాద్‌లో శిక్షణ పొందిన ఆ ఒడిశా పరుగు క్రీడాకారిణి 2019 మేలో తనకొక యువతితో అనుబంధం ఉందని ప్రకటించి, అలా చెప్పిన తొలి భారతీయ క్రీడాకారిణి అయింది. రెండు నెలలకే నేపుల్స్‌లో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో వంద మీటర్ల పరుగులో స్వర్ణం గెలిచింది. వీరిని చూపించి దారి తెరిచే ఉందనడం తేలిక. అయితే వీరిద్దరూ అప్పటికే శిఖరానికి చేరినవారు. దుస్తులు మార్చుకునే గదిలో వినబడే ఒక్క మాటకు బెదిరి, మొదటి వారంలోనే ఆట మానేసే పద్దెనిమిదేళ్ల విద్యార్థికి కావలసింది ఎవరూ ఏమీ అనని మౌనం కాదు. రమ్మని ముందుగానే రాసి పెట్టిన బోర్డు కావాలి.

ఈ మాటలు హైదరాబాద్‌లోని తార్నాకలో చదువుకునే పాఠకుడికి దూరపు సంగతులుగా తోచనక్కర్లేదు. అక్కడి గోల్నాక పక్కనే మూసీ నది ఉన్నా అందులో తెడ్డు వేసే స్థితి లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణ నుంచి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో, 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తవ్వించిన హుస్సేన్‌సాగర్‌లో మాత్రం దేశం గర్వించదగిన రోయింగ్ సంప్రదాయం ఉంది. 2002 జాతీయ క్రీడల్లో రోయింగ్ పోటీలకు ఆ సాగరం వేదికైతే, అవే క్రీడల కోసం ఉస్మానియా ఆవరణలో సైకిల్ పందేల వెలోడ్రోమ్ కట్టారు. హైదరాబాద్‌కే చెందిన, ద్రోణాచార్య పురస్కారం పొందిన కోచ్ ఇస్మాయిల్ బేగ్ శిష్యుడు బజరంగ్‌లాల్ తాఖర్, 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒంటరి స్కల్లింగ్‌లో భారత్‌కు రోయింగ్‌లో తొలి స్వర్ణం తెచ్చాడు. నీరు, పడవలు, నేర్పగల మనుషులు ఈ నగరంలో ఎన్నడూ కొరవడలేదు.

కొరవడినది వేరే. ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని స్థాపించినది 1918లో. ఆ మరుసటి ఏడే, 1919లో, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పేర్లు పోలీసు రిజిస్టరులో ఎక్కించే చట్టాన్ని నిజాం ప్రభుత్వం తెచ్చింది. స్త్రీల దుస్తుల్లో బహిరంగంగా కనిపించినా, ఆడిపాడినా జైలుకు పంపే ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది 2023 జులైలో. పెద్దల మధ్య ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పేవరకూ దాన్ని నేరంగా చూసిన భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్ బతికే ఉంది. ఇన్నేళ్లు చట్టమే వెంటాడిన మనుషులు ఏ మైదానంలోకైనా తమంతట తామే నడిచి వస్తారని ఎదురుచూడటం న్యాయం కాదు. పిలిస్తే వస్తారనడానికి నిదర్శనం ఉంది: 2024 డిసెంబరులో ట్రాఫిక్ విధులకు ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులను ఎంపిక చేసేందుకు గోషామహల్ స్టేడియంలో పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ పరీక్షలు పెడితే వారు వచ్చారు, పరుగెత్తారు, నెగ్గారు, ఆ నెలలోనే కూడళ్లలో విధులకు నిలబడ్డారు.

హైదరాబాద్‌లో సీజన్ లెక్క వేరుగా ఉంటుంది. వానాకాలమంతా ఎర్గోమీటర్ మీద, వ్యాయామశాలలో గడపవచ్చు. గణేశ్ నిమజ్జనం తరువాత కొన్ని వారాలు సాగరానికి విరామమివ్వాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయపు గాలి నెమ్మదిగా, నీరు నిశ్చలంగా ఉంటుంది కనుక కొత్తవారికి నేర్పడానికి అంతకన్నా మంచి కాలం లేదు. మార్చి దాటాక ఎండ, నాలాల మురుగు వాసన రెండూ పెరుగుతాయి. నాలుగు నెలల సీజన్ చిన్నదే, ఒక ఎయిట్‌ను తయారుచేయడానికి మాత్రం చాలుతుంది.

ఉస్మానియా, ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) క్రీడా విభాగాలకు, రాష్ట్ర రోయింగ్ సంఘానికి చేయదగిన విజ్ఞప్తి ఒక్కటే. రానున్న నవంబరులో కొత్తవారి కోసం ఒక బృందానికి పిలుపునివ్వండి. ఆ ప్రకటనలో క్వీర్ విద్యార్థులకు ఆహ్వానం ఉందని స్పష్టంగా రాయండి, దరఖాస్తులో జెండర్ గడిని అభ్యర్థినే నింపుకోనివ్వండి, తలుపు గడియ పడే ఒక గదిని దుస్తులు మార్చుకోవడానికి కేటాయించండి, ఈత రానివారికి ముందు ఈత నేర్పించండి. కాక్స్‌తో కలిపి తొమ్మిది మంది చాలు.