బోనమెత్తిన ధైర్యం

ఆషాఢంలో ఒక ఆదివారం కాప్రాలోని ఏ పాత బస్తీకి వెళ్లినా ముందుగా పలకరించేది వేపాకు వాసన. వాకిట్లో సాన్పి చల్లి ముగ్గేసి, గడపకు పసుపు పూసి, తలస్నానం చేసిన ఇంటామె కొత్త కుండకు బొట్లు పెడుతూ ఉంటుంది. ఈసీఐఎల్‌లో కొలువుకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్లు, నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టులు చేసేవాళ్లు, వరంగల్, భువనగిరి వైపు నుంచి వచ్చి ఉప్పల్‌లో బస్సు దిగి కిరాయి ఇల్లు వెతుక్కున్నవాళ్లు, అందరూ సాయంత్రానికి ఒకే గుడి ముందు నిలబడతారు. 2007లో కాప్రా, ఉప్పల్ మున్సిపాలిటీలు హైదరాబాద్ మహానగరంలో కలిశాయి. చేలు పోయి కాలనీలు లేచాయి. పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ మాత్రం ఇంకా ఊరి తల్లులే.

ఈ బోనాల పండుగకు, భయానికి పాత చుట్టరికం ఉంది. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి కథే చూడండి. 1813లో జంటనగరాల్లో గత్తర, అంటే కలరా సోకి జనం పిట్టల్లా రాలిపోయారట. అప్పుడు సైన్యంతో ఉజ్జయినిలో ఉన్న సూరిటి అప్పయ్య, గత్తర తగ్గితే మా ఊళ్లో నిన్ను నిలుపుకుంటామని మహంకాళికి మొక్కుకున్నాడు. తిరిగి వచ్చాక 1815లో సికింద్రాబాద్‌లో అమ్మవారి కొయ్య విగ్రహాన్ని ప్రతిష్ఠించాడని పెద్దలు చెబుతారు. కారణం తెలియని చావు కళ్ల ముందు తిరుగుతున్నప్పుడు, దిక్కుతోచని మనిషి పట్టుకున్న చెయ్యి అది.

బోనం అంటే భోజనమే. దాన్ని వండే తీరులో ఒక క్రమం ఉంది. కొత్త కుండ తెచ్చి కడిగి, బియ్యం, పాలు, బెల్లంతో పరమాన్నం వండుతారు. కొన్ని ఇళ్లలో పసుపన్నం, పెరుగన్నం, ఉల్లిగడ్డ పెడతారు. కుండకు సున్నం, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మెడకు వేపకొమ్మలు కడతారు. మీద గురిగి, ఆ గురిగిలో దీపం. తల మీద చుట్టబట్ట పెట్టుకుని, దీపం ఆరకుండా, కుండ ఒరగకుండా నడవాలి. తొందరపడితే ఒలుకుతుంది, దిగులుతో తల వంచితే జారుతుంది. మెడ నిలిపి, చూపు నిలిపి, అడుగు చూసుకుని వెయ్యాలి. గుడి దాకా నడిచేసరికి ఊపిరి దానంతటదే కుదుటపడుతుంది.

గుడి ముందు సాక పెడతారు. పసుపు, వేపాకు కలిపిన నీళ్లు అమ్మ ముందు పోసి, చల్లగా చూడమని వేడుకుంటారు. ఒళ్లంతా పసుపు పూసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకున్న పోతరాజు అమ్మవారి తమ్ముడిగా ముందు నడుస్తాడు. వెదురు పుల్లలకు రంగు కాగితాలు అతికించిన తొట్టెలు, ఫలహారపు బండి ఆ వెనకే వస్తాయి. సికింద్రాబాద్‌లో మర్నాడు రంగం. ఒక స్త్రీ పచ్చికుండ మీద నిలబడి, అమ్మ పూనగా భవిష్యవాణి చెబుతుంది. వానలెట్లా పడతాయి, రోగాలు వస్తాయా అని అందరి తరఫునా అడుగుతారు. ఇంట్లో ఒక్కరినే తినేసే భయం అక్కడ నలుగురిలో బయటపడి, నలుగురి బరువవుతుంది.

ఈ ఆచారంలో నా మనసును పట్టింది ఇంకొకటి. ఆషాఢంలో అమ్మవారు పుట్టింటికి వస్తుందని నమ్మకం. మన ఇంటికి వచ్చిన ఆడబిడ్డకు ముందుగా ఏం చేస్తాం? కడుపు నిండా బువ్వ పెడతాం. గండం వస్తే చేతులు చాచి అడగడమే మనకు తోస్తుంది. బోనమెత్తే తల్లి మాత్రం ముందు వండుతుంది, ఆ తర్వాతే అడుగుతుంది. పెట్టే చెయ్యికి వణుకు తక్కువ. అమ్మకు నైవేద్యం పెట్టగా మిగిలిన బువ్వను ఇంటికి తెచ్చుకుని, ఇరుగుపొరుగుకూ పంచుతారు.

2020 ఆషాఢంలో కరోనా మూలంగా గుంపులు కూడవద్దని, ఇంట్లోనే బోనం చేసుకొమ్మని ప్రభుత్వం కోరింది. 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించిన ఉత్సవమే ఆ ఏడు గడప దాటలేదు. అయినా కుండకు బొట్లు పెట్టడం ఆగలేదు. గత్తర కాలం నుంచి వచ్చిన మొక్కు ఇంకో మహమ్మారి కాలంలో మళ్లీ పనికొచ్చింది. వేపాకు, పసుపు రోగాన్ని కుదురుస్తాయని నేననను. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికే పోవాలి, టీకా వేయించుకోవాలి. కానీ మందు పని చేసేదాకా మనిషి నిలబడాలి కదా. ఆ నిలబడే బలాన్ని బోనం ఇస్తుంది.

డీజే పాటలు, ఫ్లెక్సీలు పెరిగి, వండే తీరు తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. వచ్చే ఆషాఢంలో మీ ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చోండి. కుండ కడగడం దగ్గర్నుంచి దీపం పెట్టడం దాకా నేర్చుకోండి, మీ పిల్లలకు నేర్పండి. కష్టకాలం చెప్పి రాదు. అది వచ్చేనాటికి మన చేతులకు ఈ పని తెలిసి ఉండాలి.