గుమ్మడికాయలోని దీపము

పడమటి దేశములలో అక్టోబరు 31వ తేదీ రాత్రికని తలిదండ్రులు పిల్లలతో కూర్చుండి, గుమ్మడికాయ పైభాగమును కోసి, లోని గుజ్జు తీసివేసి, కన్నులు, ముక్కు, కోరలు చెక్కి, లోపల దీపముంచి గుమ్మమున పెట్టుదురు. నవంబరు 1వ తేదీ సకల పరిశుద్ధుల పండుగ. దాని ముందటి రాత్రి గనుక దీనికి హాలోవీన్ అను పేరు వచ్చెను. తొలుత ఐర్లండువారు టర్నిప్ దుంపలను ఇట్లు చెక్కెడివారు. అమెరికాకు వలసపోయిన పిమ్మట, ఆ నేలలో పుట్టిన గుమ్మడి పెద్దదిగాను తొలుచుటకు సులువుగాను ఉండుట చూచి దానిని చేపట్టిరి.

ఇప్పుడా ముఖము సెల్‌ఫోనులలో మన పల్లెలకును వచ్చినది. మన పిల్లలు దీనిని చెక్కవచ్చునా? "అది దయ్యముల పండుగ, కూడదు" అని చెప్పుట సులభము. అయితే ప్రియ సహోదరులారా, ఆ తీర్పు చెప్పకమునుపు మన గుమ్మము పైకి ఒకసారి చూతము. దిష్టి తగులకుండవలెనని కట్టిన బూడిద గుమ్మడికాయ అచ్చట వ్రేలాడుట లేదా?

పెనుకొండ దాపుననున్న ఎర్రమంచిలో 2019వ సంవత్సరమున కియా కర్మాగారము కార్లు తయారుచేయ మొదలుపెట్టెను. ఎంత నేర్పుతో చేసిన కారైనను, కొన్నవాడు చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టును. గుమ్మడికాయ దిగదుడిచి నడిరోడ్డున పగులగొట్టును. అట్లు చేయువారిలో మనవారు లేరా? చీకటిలో ఆ ముక్కలపై బండి జారి దారిన పోవువాడు పడును. తనకు కీడు రాకూడదని ఒకడు పగులగొట్టినది పొరుగువానికి కీడగును.

రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి తూచుదము. పరదేశపు ఆచారములో దోషము కలదు: భయమును వినోదముగా చేయుట, తినదగిన దానిని పారవేయుట. వానలు అరుదైన మన సీమలో ఈ రెండవది చిన్న తప్పు కాదు. అయినను అచ్చటి బాలుడు ఆ కోరలను చూచి నవ్వును. వాటిని చెక్కినది తన తండ్రియేనని ఎరుగును. మన బాలుడో, తండ్రి కట్టిన కాయను చూచి భయపడుట నేర్చుకొనును. ఆటలోని భయము తెల్లవారునప్పటికి పోవును. తండ్రి చేతినుండి నేర్చిన భయము ముసలితనము వరకు పోదు.

న్యాయాధిపతుల గ్రంథము 7వ అధ్యాయమును చదువుడి. గిద్యోనుతో ఉన్న 300 మంది చేతులలో కుండలును, వాటిలో దివిటీలును ఉండెను. వారును పగులగొట్టిరి, అయితే విశ్వాసముతో పగులగొట్టిరి. అప్పుడు దాగిన వెలుగు బయటికి వచ్చెను.

కావున పిల్లలు గుమ్మడికాయ చెక్కగోరినయెడల చెక్కనిండు. కోరలకు బదులు నక్షత్రము చెక్కుడి. గుజ్జును పులుసు పెట్టుడి, గింజలను ఎండబెట్టుడి. దీపము ఎందుకు వెలిగించితిమో వారితో చెప్పుడి. కాని అంతకుముందు ఒక పని కలదు. పిల్లవానిని ప్రక్కన నిలువబెట్టుకొని గుమ్మమున వ్రేలాడు కాయను దింపుడి. దింపిన చేతులతోనే ప్రార్థన చేయుడి. ఆ పిమ్మట వాడు ఏ ముఖము చూచినను భయపడడు.