అట్లాంటిక్ దారా, పసిఫిక్ దారా?

గ్లోబు మీద ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి దారం లాగి కొలిస్తే సుమారు 12,400 కిలోమీటర్లు వస్తుంది. దాన్ని గంటకు 900 చొప్పున భాగించి, పద్నాలుగు గంటల ప్రయాణం అని తేల్చేసేవాళ్లు చాలామంది. విమానం ఆ దారం పట్టుకుని పోదని వాళ్లకెవరు చెప్పాలి?

ఎయిరిండియా 2015 డిసెంబరులో ఈ రెండు ఊళ్ల మధ్య నేరుగా విమానం వేసినప్పుడు పడమటి దారి పట్టింది. యూరప్, అట్లాంటిక్ మీదుగా దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో తూర్పుకు తిరిగి పసిఫిక్ మీదుగా నడిపింది. ఈసారి 15,300. అంటే 1,400 కిలోమీటర్లు అదనం. అయినా పద్నాలుగున్నర గంటల్లో దిగింది, పాత దారి కన్నా దాదాపు రెండు గంటలు ముందే.

ఇదంతా గాలి చలవ. భూమి తిరగడం వల్ల అనుకునేవాళ్లున్నారు కానీ, భూమితో పాటు గాలీ తిరుగుతుంది కాబట్టి ఆ వాదన నిలవదు. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు ఓ గాలి ఏరు పారుతుంటుంది. జపాన్ శాస్త్రవేత్త ఒయిషి 1920లలోనే దాన్ని కనిపెట్టి, పాపం, ఎస్పెరాంతో అనే కృత్రిమ భాషలో అచ్చేయించాడు. ప్రపంచం పట్టించుకోలేదు. ఎయిరిండియా దారి మార్చినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం అట్లాంటిక్ దారిలో ఎదురుగాలి గంటకు 24 కిలోమీటర్లు, పసిఫిక్ దారిలో వెనకగాలి 138. విమానం వేగం 900 అనుకుంటే మొదటి దారిలో 876 మిగులుతుంది, రెండో దారిలో 1,038 అవుతుంది. భాగించి చూడండి, దాదాపు పదహారు గంటలకు పద్నాలుగున్నర పైచిలుకు.

తిరుగు ప్రయాణంలో మాత్రం అట్లాంటిక్‌దే గెలుపు. శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచిన విమానం మళ్లీ తూర్పుకే పోయి ఢిల్లీ చేరేది. రానూపోనూ కలిపి భూగోళాన్ని చుట్టి వచ్చినట్టే. ఉత్తర ధ్రువం ఎప్పుడూ ఎడమ చేతివైపే ఉంటుంది కనుక మన పూజారులు దీన్ని అప్రదక్షిణం అంటారేమో!

అలాగని పసిఫిక్ దారికి నేను పూర్తి మార్కులు వెయ్యను. వేసవిలో ఆ గాలి నీరసిస్తుంది, అప్పుడు అదనపు దూరం మీద పడుతుంది. పైగా గాలి ఒక్కటే కాదు, సరిహద్దులూ దారి మారుస్తాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక, అమెరికా నుంచి ఢిల్లీ వచ్చే కొన్ని విమానాలు యూరప్‌లో దిగి ఇంధనం పోయించుకోవాల్సి వచ్చింది.

శంషాబాద్‌లో ఎక్కి అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లే అమ్మానాన్నలకు మధ్యలో ఓ ఊళ్లో దిగి, గంటలకొద్దీ కాచుకోవడం మామూలే. కాబట్టి టికెట్ తీసేటప్పుడు కిలోమీటర్లు వదిలేసి మొత్తం గంటలు చూడండి. పోయేదానికీ వచ్చేదానికీ విడివిడిగా చూడండి.