ఆపరేషన్‌కు ముందురోజు రాత్రి

అమెరికాలోని బాతెల్‌లో పిల్లల దగ్గర ఉంటున్న మన పెద్దవాళ్లకు శుక్లాల ఆపరేషన్ అనగానే మొదట పట్టుకునే బెంగ భాషది. అమ్మ నన్ను అడిగింది కూడా అదే: "లోపల నువ్వుంటావా?" ఉండనివ్వరు. అందుకే ముందురోజు రాత్రే కూర్చోబెట్టి మొత్తం చెప్పాను.

పేరు, పుట్టిన తేదీ, ఏ కన్ను? పక్కకొచ్చిన ప్రతి నర్సూ ఈ మూడూ అడుగుతుంది. "ఏ కన్నో వీళ్లకే తెలీదా?" అని పెద్దవాళ్లు కంగారు పడతారు. పొరపాటు జరగకుండా కాపాడేది ఆ అడగడమే. ఆ కంటిపైన పెన్నుతో గుర్తు కూడా పెడతారు. మనవాళ్లలో చాలామందికి అసలు పుట్టినరోజు వేరు, బడిలో వేసిన తేదీ వేరు. పాస్‌పోర్టులో ఉన్న తేదీనే అమ్మతో రెండుసార్లు చెప్పించాను.

కనుపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తారు, చేతికి సన్నటి సూది పెడతారు. మెలకువగానే ఉంటారు కానీ నొప్పి తెలియదు. వెలుగు, రంగులు, నీళ్లు పారుతున్నట్టు కనిపిస్తాయి. తల కదపకూడదు, దగ్గు వస్తుంటే ముందే చెప్పాలి. రెండు మూడు మిల్లీమీటర్ల గాటులోంచి అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి లాగేసి, మడిచిన లెన్స్ లోపల పెడతారు. చాలామందికి అరగంటలోపే అయిపోతుంది. ముదిరేదాకా ఆగాలన్నది పాతకాలం మాట.

ఎప్పటినుంచి ఏమీ తినకూడదో, షుగరు, బీపీ మాత్రలు ఎలా వేసుకోవాలో డాక్టరు చెప్పినట్టే చేయాలి. ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ వాడే నాన్నలు, ఎప్పుడో మానేసినా సరే, ఆ సంగతి ముందే చెప్పి తీరాలి. దానివల్ల కనుపాప చుట్టూ ఉండే ఐరిస్ వదులై ఆపరేషన్ కష్టమవుతుంది.

ఇంటికొచ్చాక కన్ను నలపకూడదు. కొన్నాళ్లు మసకగా ఉండొచ్చు. నొప్పి పెరిగినా, చూపు తగ్గినా, మెరుపులు కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయాలి.

కొడుకో కూతురో దుబాసీగా నిలబడితే చాలనుకుంటాం. కానీ మనం కంగారులో సగం మింగేస్తాం, పెద్దవాళ్లేమో మన దగ్గర కొన్ని దాస్తారు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. ఫోన్‌లోనో వీడియోలోనో తెలుగులో మాట్లాడిస్తారు. ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునేటప్పుడే అడగండి.