దేవుని నమ్ముట క్షేమకరమైన పందెమా? పాస్కల్ వాదముపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

దేవుడు ఉంటే నమ్మినవానికి నిత్యజీవము దొరుకుతుంది. లేకపోతే అతనికి కలిగే నష్టమేమీ లేదు. కాబట్టి నమ్ముటయే తెలివైన పని. ఈ తర్కము మన సువార్త కూటములలోను, కరపత్రములలోను, వీధి ప్రసంగములలోను తరచుగా వినిపిస్తుంది. వినేవాడు వెంటనే జవాబు చెప్పలేడు గనుక బోధకులకు ఇది సులువైన ఆయుధముగా కనబడుతుంది. తత్త్వశాస్త్రములో దీనిని పాస్కల్ పందెము అంటారు. ఈ వ్యాసములో మేము మూడు ప్రశ్నలను పరిశీలించదలచాము. పాస్కల్ అసలు చెప్పినదేమిటి? ఆ వాదము నిలుస్తుందా? దానిని మన ప్రసంగ వేదిక మీదికి తీసుకొని రావచ్చునా? మా అభిప్రాయమును ముందుగానే తెలియజేస్తున్నాము. ఈ వాదములోని ప్రధానమైన బలహీనత దాని గణితములో లేదు, నష్టమేమీ లేదనే ఆ ఒక్క మాటలో ఉన్నది.

1. పందెము పుట్టిన సందర్భము

బ్లేజ్ పాస్కల్ (1623-1662) ఫ్రాన్సు దేశపు గణిత శాస్త్రజ్ఞుడు, భౌతిక శాస్త్రజ్ఞుడు. మధ్యలో ఆగిపోయిన జూదములో పందెపు సొమ్మును ఆటగాళ్లకు ఎలా పంచాలి అనే ప్రశ్న మీద 1654లో అతనికీ ఫెర్మాకూ మధ్య జరిగిన ఉత్తర ప్రత్యుత్తరములు సంభావ్యతా గణితమునకు పునాది వేశాయి. అదే సంవత్సరము నవంబరు 23 రాత్రి అతనికి గాఢమైన ఆత్మీయ అనుభవము కలిగింది. దానిని వ్రాసుకొన్న కాగితము అతని మరణానంతరము కోటు లోపల కుట్టబడి కనిపించింది. గణిత శాస్త్రజ్ఞుడైన ఆ మనిషి ఆ కాగితములో పేర్కొన్నది తత్త్వవేత్తల దేవుని కాదు, అబ్రాహాము ఇస్సాకు యాకోబుల దేవుని. ఇది మనము మరువరాని సంగతి.

క్రైస్తవ మతమును సమర్థిస్తూ ఒక గ్రంథము వ్రాయాలని పాస్కల్ పూనుకొన్నాడు గాని, ముగించకముందే మరణించాడు. మిగిలిన వ్రాతలు 1670లో ‘పాన్సే’ అనే పేరుతో అచ్చయ్యాయి. పందెపు వాదము అందులోని ఒక భాగము. అనగా ఇది ముగించిన సిద్ధాంతము కాదు, చిత్తుప్రతి.

2. వాదము యొక్క నిర్మాణము

దేవుడు ఉన్నాడా లేడా అనే ప్రశ్నను బుద్ధి తనంతట తాను తేల్చలేదు అని పాస్కల్ మొదలుపెడతాడు. అయితే పందెము కాయకుండా పక్కన నిలబడే అవకాశము ఎవరికీ లేదు. బ్రతుకుతున్న ప్రతివాడూ అప్పటికే ఓడ ఎక్కియున్నాడు. ఇక మిగిలినది లెక్క. పందెపు విలువ తెలియాలంటే గెలిచే అవకాశమును గెలుపు సొమ్ముతో గుణించాలి. రూపాయి ఒడ్డి బొమ్మా బొరుసూ ఆడినప్పుడు గెలిస్తే మూడు రూపాయలు వస్తాయంటే, ఆ పందెపు విలువ రూపాయిన్నర, ఆడుట లాభమే. గెలుపు అనంతమైతే, గెలిచే అవకాశము ఎంత స్వల్పమైనా సరే, గుణకారము అనంతమే అవుతుంది. ఒడ్డేది పరిమితమైన ఈ జీవితము. కనుక దేవుడు ఉన్నాడని పందెము కాయుటే యుక్తము.

ఇలాంటి ఆలోచన పాస్కల్‌తోనే మొదలు కాలేదు. సుమారు క్రీ.శ. 300లో ఉత్తర ఆఫ్రికాకు చెందిన ఆర్నోబియస్, రెండు అనిశ్చితమైన వాటిలో నిరీక్షణనిచ్చేదానిని నమ్ముట మేలని అన్యమతస్థులతో వాదించాడు. మన దేశములో అంతకంటె ముందే, బౌద్ధుల మజ్ఝిమ నికాయములోని అపణ్ణక సుత్తము సాల గ్రామపు గృహస్థులకు దాదాపు ఇదే తర్కమును వినిపిస్తుంది. పరలోకము లేకపోయినా మంచిగా బ్రతికినవాడు ఇక్కడ జ్ఞానుల మెప్పు పొందుతాడు, ఉంటే రెండు చోట్లా గెలుస్తాడు అని దాని సారాంశము. పాచికలాటలోని గెలుపు ఓటములే అక్కడ కూడ ఉపమానము.

3. విమర్శకుల అభ్యంతరములు

మొదటి అభ్యంతరము వోల్టేర్‌ది. ఒక సంగతి నిజమైతే నాకు లాభము అన్నంత మాత్రాన అది నిజము కాదని, ఇంత గంభీరమైన విషయములో జూదపు భాష తగదని అతడు 1734లో వ్రాశాడు. పాస్కల్ ఇక్కడ దేవుని ఉనికిని ఋజువు చేయబూనలేదు గనుక ఈ విమర్శలోని మొదటి సగము గురి తప్పింది. రెండవ సగము మాత్రము ఆలోచింపదగినది.

రెండవది డిడెరో లేవనెత్తినది. ఇదే తర్కమును ఒక ఇమాము కూడ వినిపించగలడు గదా అని అతని ప్రశ్న. పైన చెప్పిన అపణ్ణక సుత్తమే దీనికి మంచి ఉదాహరణ. అక్కడి పందెము సృష్టికర్తయైన దేవుని దగ్గరకు నడిపించదు; కర్మఫలమును, సదాచారమును అంగీకరించుట దగ్గరకు నడిపిస్తుంది. పాస్కల్ ముందున్న శ్రోతకు ఎంపిక రెండింటి మధ్యనే ఉన్నది: కతోలిక విశ్వాసము లేదా అవిశ్వాసము. మన శ్రోత నిలబడిన చోట ఒకే వీధిలో గుడి, మసీదు, చర్చి ఉన్నాయి. క్షేమమే గురి అయితే అతడు చర్చికే ఎందుకు రావాలి?

మూడవది ఇటీవలి గణిత విమర్శ. అలన్ హాయెక్ అనే తత్త్వవేత్త 2003లో ఈ లెక్కలోని చిక్కును బయటపెట్టాడు. అనంతములో సగమూ అనంతమే, వెయ్యో వంతూ అనంతమే. నాణెము ఎగురవేసి బొమ్మ పడితే నమ్ముతాను అనుకొన్నవాని పందెపు విలువ కూడ అనంతమే అవుతుంది. ఈ మాట సంఘ కాపరులకు కొత్తది కాదు. పిల్ల పెండ్లి అయిన తరువాత చూద్దాము, పదవీ విరమణ తరువాత బాప్తిస్మము తీసుకొంటాను అనేవాడు కూడ గెలిచే అవకాశమును కొంత మిగుల్చుకొంటూనే ఉన్నాడు. ఈ లెక్క ప్రకారము అతనిని తప్పుపట్టుటకు వీలులేదు. రక్షణ దినము ఇదేనని అపొస్తలుడు చెప్పిన అత్యవసరత (2 కొరింథీ 6:2) ఈ గణితములో ఇమడదు.

4. నిజముగా నష్టమేమీ లేదా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. పాస్కల్ మాట్లాడినది తీరిక, సంపద, జూదపు అలవాటు గల పెద్దమనిషితో. అతడు విడువవలసినవి కొన్ని విలాసములు, కొంత గొప్పతనము. అలాంటివానితో నీకు నష్టమేమీ లేదు అని చెప్పుట సులభము. అదే మాటను మన పల్లెలోని మాదిగవాడలోనో మాలపల్లిలోనో చెప్పగలమా?

1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులముల) ఉత్తర్వులోని మూడవ పేరా ఆ హోదాను మతముతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణల ద్వారా ఆ హోదా దక్కింది, క్రైస్తవులకు దక్కలేదు. బాప్తిస్మము పొందినానని బాహాటముగా ఒప్పుకొన్న దళితుడు రిజర్వేషనును, దానితోపాటు 1989 నాటి అత్యాచార నిరోధక చట్టపు రక్షణను కూడ పోగొట్టుకొనే స్థితిలో ఉన్నాడు. ఊరు అతనిని చూసే చూపు మాత్రము మారలేదు. సంఘ పుస్తకములో ఒక పేరు, ధ్రువపత్రములో మరొక పేరు పెట్టుకొని బ్రతికే కుటుంబములు ఎందుకున్నాయో మనకు తెలియనిది కాదు. వారిని వేలెత్తి చూపుట మా ఉద్దేశము కాదు. ఒప్పుకోలుకు వెల కట్టినది వారు కాదు. అయితే ఇంత వెల చెల్లిస్తున్నవారి ఎదుట నిలబడి, నమ్మితే పోయేదేమీ లేదు అని ప్రసంగించుట సత్యము కాదు. పందెపు తర్కమును పూర్తిగా నమ్మినవాడు చేసేది కూడ దాపరికమే: చర్చిలో ఒక మాట, కచేరీలో ఒక మాట, జాతరనాడు ఒక కోడి, మెడలో ఒక తాయెత్తు. అన్ని వైపులా కొంత కొంత ఒడ్డుటే క్షేమము గదా!

లేఖనములో అలాంటివారు కనబడతారు. సమరయలో కాపురముంచబడిన జనులు సింహముల భయము చేత యెహోవాను సేవించుట నేర్చుకొన్నారు, తమ దేవతలనూ విడువలేదు (2 రాజులు 17:25-33). క్షేమము కొరకైన భక్తి సహజముగా చేరుకొనే గమ్యము అదే.

5. లేఖన సాక్ష్యము

పందెపు వాదమునకు నేరుగా ఎదురు నిలిచేది పౌలు మాట. క్రీస్తు లేపబడకపోతే మన విశ్వాసము వ్యర్థము, అందరిలో మనమే మిక్కిలి దౌర్భాగ్యులము అని అతడు తీర్మానిస్తాడు (1 కొరింథీ 15:14-19). పందెము వేసేవాడు, దేవుడు లేకపోయినా నేను ఓడిపోయినది లేదు అంటాడు. క్రీస్తు లేవకపోతే నేను సర్వమును పోగొట్టుకొన్నాను అని పౌలు అంటాడు. ఎందుకనగా అతడు పరువును, ప్రాణమును, తన జనుల మధ్య తనకున్న స్థానమును నిజముగానే ఒడ్డాడు. ఏమీ ఒడ్డనివాడే నష్టము లేదనగలడు.

యోబు గ్రంథము ఇదే ప్రశ్నతో తెరుచుకొంటుంది. యోబు ఊరకయే దేవునియందు భయభక్తులు కలిగియున్నాడా అని అడిగినవాడు సాతాను (యోబు 1:9). భక్తి అంతా లాభము కొరకేనని వాని వాదము. మిగిలిన గ్రంథమంతయు ఆ వాదమునకు జవాబు. అగ్నిగుండము ఎదుట నిలిచిన ముగ్గురు యువకులు, దేవుడు తప్పించకపోయినా తాము ప్రతిమకు మ్రొక్కమని చెప్పారు (దానియేలు 3:17-18). ఆ ‘తప్పించకపోయినా’ అనే మాటకు పందెపు లెక్కలో చోటు లేదు.

అయితే లేఖనములో లాభనష్టముల భాష లేదా అని పాఠకులు అడుగవచ్చు. ఉన్నది. దేవుడు తన్ను వెదకువారికి ఫలము దయచేయువాడని హెబ్రీ పత్రిక చెబుతుంది (11:6). ముత్యము కొరకు వర్తకుడు తనకు కలిగినదంతా అమ్మివేశాడు (మత్తయి 13:45-46). పౌలు తన లాభములను నష్టముగా ఎంచుకొన్నాడు (ఫిలిప్పీ 3:7-8). కాని రెండు భేదములను గమనించాలి. వర్తకుడు తనకున్నదంతా అమ్మాడు. రెండు వైపులా పందెము కాయలేదు. పౌలు పొందగోరినది క్రీస్తునే. క్రీస్తు ద్వారా దొరికే మరొక వస్తువును కాదు. పెండ్లికుమారుడు కట్నమును కోరుటకూ వధువును కోరుటకూ ఎంత దూరమో, ఈ రెండు కోరికలకూ అంత దూరము.

6. ఒంగోలు సాక్ష్యము

ఈ భేదము తెలుగు సంఘ చరిత్రలో ఒకసారి బహిరంగముగా పరీక్షకు వచ్చింది. 1876-78 నాటి మహా కరువులో ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో ఒక భాగము త్రవ్వించే పనిని గుత్తకు తీసుకొని వేలాదిమందికి కూలి చూపించాడు. బాప్తిస్మము కావాలని జనులు అడిగినా, కరువు సహాయము జరుగుతున్నంతకాలము అతడు ఇవ్వలేదు. కూలి కొరకు, గంజి కొరకు వచ్చారనే మాట రాకూడదని అతని జాగ్రత్త. సహాయము ముగిసిన పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారి హృదయములను తూచే అధికారము మనకు లేదు. అయితే కంటికి కనబడే లాభమును తప్పించి, అప్పుడు రమ్మనుట ద్వారా ఆ సేవకుడు పందెపు తర్కమును తలక్రిందులు చేశాడు. విశ్వాసము ఏమిటో తెలియాలంటే లాభమును పక్కన పెట్టి చూడాలని అతడు గ్రహించాడు.

7. పాస్కల్‌కు చేయవలసిన న్యాయము

పాస్కల్‌ను కరపత్రముల స్థాయికి దించుట అన్యాయము. అతని చిత్తుప్రతిలోని శ్రోత లెక్కను ఒప్పుకొని, అయినా నేను నమ్మలేకపోతున్నాను అంటాడు. అప్పుడు పాస్కల్ లెక్కను మరల వల్లించడు. అడ్డు బుద్ధిలో లేదు, నీ కోరికలలో ఉన్నది; ముందు నడిచినవారి అడుగులలో నడువు అని సలహా ఇస్తాడు. విశ్వాసము దేవుడు హృదయమునకు ఇచ్చే వరమేనని అతడు వేరే చోట్ల స్పష్టము చేశాడు. కాబట్టి పందెము అతని దృష్టిలో విశ్వాసము కాదు, నిద్రపోతున్నవానిని తట్టి లేపుట మాత్రమే. నిర్లక్ష్యము కూడ ఒక నిర్ణయమే అనే అతని మాట ఈనాటికీ విలువైనది. ఆ మేరకు దానిని వాడుకొనుటకు మాకు అభ్యంతరము లేదు.

ముగింపు

మన పరిశీలన ఫలితము ఇది. దేవుని క్షేమకరమైన పందెముగా చూపే వాదము అనేక దేవుళ్ల మధ్య ఎంపికను తేల్చలేదు, ఆలస్యమును ఖండించలేదు, చివరకు రెండు తలంపుల మధ్య తడబడే మనిషినే తయారు చేస్తుంది. అన్నిటికంటె ముఖ్యముగా, అది శిష్యత్వపు వెలను దాచిపెడుతుంది. గోపురము కట్టగోరినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకోవాలని ప్రభువే బోధించాడు (లూకా 14:28).

కనుక సహ సేవకులకు మా మనవి. నష్టమేమీ లేదు అనే మాటను మన ప్రసంగములలోనుండి తీసివేద్దాము. పోయేదేమిటో, దొరికేవాడెవరో రెండూ చెబుదాము. వెల చెప్పిన సంఘము ఆ వెలలో పాలు పంచుకొనుటకూ సిద్ధపడాలి. ఒప్పుకోలు వలన ఒక యువకుని చదువు ఆగితే అతని రుసుము కట్టుట, ఒక కుటుంబము కేసులో చిక్కుకొంటే కచేరీకి వారి వెంట నడుచుట, అన్యాయమైన చట్టము మారవలెనని అందరితో కలిసి అడుగుట ప్రసంగముతోపాటు సంఘము చేయవలసిన పనులే. ఆదిమ సంఘములో ఎవనికిని కొదువ లేకపోవుటకు కారణము (అపొ. కార్య. 4:34) విశ్వాసము చౌకగా దొరకుట కాదు. దాని వెలను వారు కలిసి మోశారు.