వంగని చోటే వెతకాలి

విరిగిన విల్లు ఎవరి చేతికిచ్చినా ముందు విరిగిన చోటే చూస్తారు. నేను దానికి అటూ ఇటూ ఉన్న జానెడు కర్రను చూస్తాను. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. ఆ భాగాలు బిగుసుకుని వంగలేదు. అవి వంగాల్సింది కూడా మధ్యలో ఉన్న చిన్న ముక్కే వంగింది. మోయగలిగినంత మోసి, తెగింది. తీరిక రోజుల్లో కర్రతో విల్లు చేయడం అలవాటైన దగ్గర్నుంచీ నా చూపు ఇలాగే పోతోంది.

కర్రను విల్లు ఆకారానికి తేవడం వడ్రంగం తెలిసినవాళ్ళకు పెద్ద పని కాదు. బాడిశ, చిత్రిక, ఆకురాయి ఉంటే చాలు. మన అడవి పల్లెల్లో తడ అనీ చరచి అనీ పిలిచే చెట్టు కర్ర బాగా వంగుతుంది. వెదురు సంగతి చెప్పనే అక్కర్లేదు. నారి లాగినప్పుడు బాణం పోయే దిక్కున ఉన్న ముఖం సాగుతుంది, విలుకాడి వైపు ముఖం నొక్కుకుంటుంది. అందుకే వెలుపలి ముఖంలో కర్ర పోగు ఈ కొస నుంచి ఆ కొసదాకా తెగకుండా చూసుకుంటాం. ఆ తర్వాత దాన్ని ముట్టుకోం. గీకేదంతా లోపలి ముఖాన్నే. పిడికి పైనున్న బద్ద, కిందున్న బద్ద, రెండూ వాటి వాటి పొడవునా సమంగా వంగేదాకా గీకుతూ పోవాలి. రోజులు పట్టేది దీనికే.

చేతి వాటంగా గీకితే కర్ర ఊరుకోదు. దాని వెనక ఒక లెక్క ఉంది. బద్ద వెడల్పులో పదోవంతు తీసేస్తే బిగువు పదోవంతే తగ్గుతుంది. మందంలో పదోవంతు తీస్తే మాత్రం 27 శాతం పోతుంది, ఎందుకంటే మందం ఘనం లెక్కన పనిచేస్తుంది. బద్ద 10 మిల్లీమీటర్ల మందం ఉందనుకుంటే, ఆ పదోవంతు ఒక్క మిల్లీమీటరు! ఆకురాయి కాసేపు గట్టిగా ఆడితే అంత పోతుంది. అందుకని చివరి దశలో దాన్ని పక్కనపెట్టి, ఉక్కు రేకు అంచుతో కాగితం కన్నా పల్చటి పొట్టు రాలేలా గీకుతాం.

గోడకు బిగించిన చెక్క మీద విల్లును పిడి దగ్గర ఆనించి అడ్డంగా నిలుపుతాను. నారికి కట్టిన తాడు కిందికి దిగి, నేల దగ్గరున్న కప్పీ చుట్టి, గదికి అవతలి వైపు నిలబడ్డ నా చేతికి వస్తుంది. తాడు లాగుతుంటే రెండు కొప్పులూ, అంటే నారి తగిలించే కొసలు, కిందికి దిగుతాయి. గోడ మీద సుద్దతో గీసిన అడ్డగీతలతో పోల్చుకుంటూ ఏ కొప్పు వెనకబడుతోందో, ఏ బద్దలో ఎక్కడ బల్లపరుపుగా ఉండిపోయిందో చూస్తాను. దూరంగా నిలబడడం వంపు బాగా కనిపించడానికే కాదు, విల్లు పేలితే ముక్కలు మొహాన పడకుండా కూడా. గీకిన వెంటనే తేడా కనబడదు. కొంచెం కొంచెంగా పాతికసార్లయినా వంచి వదిలాకే చేసిన మార్పు బయటపడుతుంది. తొందరపడి మళ్ళీ గీకారా, కర్ర అవసరానికి మించి పోతుంది. వంపు వంకరగా ఉన్నప్పుడు అంతకు మించి ఒక్క అంగుళం కూడా లాగకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం విళ్ళు బతుకుతాయి.

కంటికి అందనిది పట్టడానికి చిన్న పరికరం ఒకటుంది. అర అడుగు చెక్కముక్కకు నడిమధ్య బెజ్జం వేసి పెన్సిలు దూర్చుతారు. సగం వంచిన విల్లు లోపలి ముఖం మీద ఆ చెక్కను ఆనించి, ఒక కొస నుంచి రెండో కొసకు జరుపుతారు. బద్ద వంగి లోతు పడినచోట చెక్క నడుముకూ కర్రకూ మధ్య సందు ఉంటుంది కాబట్టి పెన్సిలు తగలదు. వంగని చోట సందు లేక గీత పడుతుంది. గీత పడ్డంత మేరా గీకి, గీత చెరిగాక మళ్ళీ జరపాలి. బలహీనమైన చోటు గురించి ఈ పెన్సిలు ఒక్క ముక్క చెప్పదు. దాని దృష్టంతా బిగుసుకున్న చోటు మీదే. నాకు ఈ పనిలో అన్నింటికన్నా ఇష్టమైన వస్తువు అదే.

మొన్న మా మేనల్లుడు ఒక చోటు చూపించి, "మావయ్యా, ఇక్కడ మరీ ఎక్కువ వంగుతోంది. పైన ఓ చెక్క అతికించేద్దామా?" అన్నాడు. వాడి వేలు సరైన చోటే ఉంది. కానీ తీసిన కర్రను తిరిగి పెట్టలేం కదరా, అన్నాను. సన్నబడిన చోటును వదిలేసి, మిగతా బద్దంతా దాని స్థాయికి దించాలి. విల్లు బలం కొంత తగ్గుతుంది. ఆ నష్టం ఒప్పుకోలేనివాళ్ళే విళ్ళు విరగ్గొట్టుకుంటారని నా నమ్మకం.

సమంగా వంగడమంటే అన్ని విళ్ళూ ఒకేలా వంగడమని కాదు. పిడి దగ్గర కర్ర మీద పడే భారం ఎక్కువ, కొప్పు దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఉండదు. మందం అంతటా ఒకటే ఉంచి వెడల్పును కొప్పుల వైపు సన్నబరిస్తే బద్ద వృత్తంలో ముక్కలా వంగుతుంది. వెడల్పు మారకపోతే మందం కొప్పుల వైపు తగ్గాలి, అప్పుడు వంపు తీరే వేరు. పాత ఇంగ్లీషు పొడవాటి విల్లు పిడి దగ్గర కూడా వంగుతుంది. 1545లో మునిగిపోయిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకను 1982లో పైకి తీశారు. అందులో అలాంటి విళ్ళు వందకు పైగా దొరికాయి. అన్నీ యూ చెట్టు కర్రవి: సాగడానికి బయటివైపు తెల్ల కర్ర, నొక్కుకోవడానికి లోపలివైపు చేవ.

అయితే నా మనసు ఎక్కువగా పోయేది ఇషి దగ్గరికి. యాహీ తెగలో మిగిలిన చివరి మనిషి అతను. 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో జనానికి కనబడ్డాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉంటూ, వైద్య కళాశాల సర్జన్ శాక్స్‌టన్ పోప్‌కు విలువిద్య నేర్పాడు. 1916లో క్షయతో పోయాడు. రెండేళ్ళ తర్వాత పోప్ రాసిన 'యాహీ ఆర్చరీ' లేకపోతే ఆ పనితనం అతనితోనే పోయేది. ఇషి విల్లు 42 అంగుళాలే. ఆ కొలత టేపుతో తీసింది కాదు, చాచిన చేతి నుంచి అవతలి వైపు తుంటి దాకా ఉన్న దూరం. జునిపర్ కర్రను రాతితోనే గీకి నునుపు చేశాడు. పొట్టి విల్లు లోతుగా వంగాలి కాబట్టి బద్దల నడుమ రెండంగుళాల వెడల్పు ఉంచి, అరంగుళం మందానికి దించి, సాగే ముఖానికి జింక నరాలు అంటించాడు. ఏ కొలబద్దా లేకుండా ఏ చోటుకు ఎంత పని అప్పజెప్పాలో అతని వేళ్ళకు తెలుసు. పోప్ రాసిన ఆ వాక్యాలు చదివిన ప్రతిసారీ, పక్కన కూర్చుని ఆ చేతుల్నే చూడాలనిపిస్తుంది.

మా గోదావరి ఒడ్డున ఇంకో చిక్కుంది. గాలిలో తేమ 80 శాతం ఉంటే ఆరిన కర్రలో కూడా తేమ 16 శాతం దాకా చేరుతుంది. గాలి తేమ 50 శాతానికి దిగితే కర్రలో 9 శాతమే. తేమ పట్టిన కర్ర నొక్కుకున్నాక వెనక్కి రాదు, నారి విప్పినా వంగే ఉంటుంది. అందుకే వానాకాలంలో బద్దలు చెక్కి దాచి, వంపు సరిచేసే పని ఎండాకాలానికి పెట్టుకుంటాను.

ఇప్పుడు గోడ మీదున్నది, నారి పూర్తిగా లాగడానికి 50 పౌన్ల బలం పట్టే విల్లు అవ్వాలని మొదలెట్టింది. బాణం పిడికిలి పైనుంచి పోతుంది కాబట్టి కింది బద్దను కాస్త బిగువుగానే ఉంచాలి, కానీ ఇది ఉండాల్సినంత కన్నా బిగువుగా ఉంది. పెన్సిలు దాని మీద పిడికీ కొప్పుకీ నడుమ ఇంకా బెత్తెడు గీత పెడుతోంది. అది పోయేసరికి 45కి దిగుతుంది. దిగనీ.