ద్వారంలో ద్వారం: తెలంగాణ రాజముద్ర పనితనం

హైదరాబాద్ అశోక్ నగర్‌లో ఏ జిరాక్స్ షాపులోకి తొంగిచూసినా స్పైరల్ బైండింగ్ చేసిన జీకే నోట్సులు దొంతర్లుగా పేర్చి ఉంటాయి. వాటిలో టాంజానియాకు దక్కేది ఒక్క పేరా: రాజధాని డొడోమా, కరెన్సీ షిల్లింగ్, ఎత్తైన శిఖరం కిలిమంజారో, 5,895 మీటర్లు. తెలంగాణ చిహ్నాలకూ అంతే: పాలపిట్ట, జింక, జమ్మి, తంగేడు. ఆ వరసలోనే ‘రాజముద్ర రూపకర్త: ఏలె లక్ష్మణ్’ అని ఒక బిట్టు. గ్రూప్స్ రాసేవాళ్లకు అది ఒక మార్కు. గీసిన చిత్రకారుడికి మాత్రం అదొక పెద్ద చిక్కుముడి.

రెండు చరిత్రలను ఒకే బొమ్మలో ఇమడ్చాలి, ఏదీ రెండోదానికి లొంగినట్టు కనపడకూడదు. టాంజానియాకూ ఇదే చిక్కు వచ్చింది. 1964 ఏప్రిల్ 26న టాంగన్యికా, జాంజిబార్ ఏకమయ్యాయి. ఒకరి జెండాలో ఆకుపచ్చ, పసుపు, నలుపు. ఇంకొకరి జెండాలో నీలం, నలుపు, ఆకుపచ్చ. అడ్డపట్టీలుగా పేర్చితే ఎవరో ఒకరు కిందికి పోవాల్సిందే. వాళ్లు పసుపు అంచుల నల్లపట్టీని ఏటవాలుగా నడిపించి, ఒక పక్క ఆకుపచ్చను, మరో పక్క నీలాన్ని ఉంచారు. ఆ జెండాలో నాకు నచ్చేది ఆ ఏటవాలే.

2014లో లక్ష్మణ్ ఎంచుకున్న దారి వేరు. ఆయన ఒకదాన్ని ఇంకొకదాని లోపల పెట్టారు. బయట వరంగల్ కోటలోని కాకతీయ కళాతోరణం, దాని స్తంభాల నడుమ చార్మినార్, పైన అశోకుడి సింహాలు, చుట్టూ మూడు భాషల్లో ప్రభుత్వం పేరు, అడుగున సత్యమేవ జయతే.

కాస్త నిదానంగా చూడండి. తోరణం పదమూడో శతాబ్దం నాటిది, చార్మినార్ 1591 నాటిది. పాతది బయట, కొత్తది లోపల. కానీ ఎత్తు చూస్తే లెక్క తిరగబడుతుంది. చార్మినార్ సుమారు 56 మీటర్లు, తోరణం అందులో నాలుగో వంతు కూడా ఉండదు. పొట్టిదాన్ని పెంచి చట్రంగా చేసి, పొడుగుదాన్ని తగ్గించి మధ్యలో కూర్చోబెట్టారు. అలా వయసులో పెద్దదానికి వెడల్పు దక్కింది, ఎత్తులో పెద్దదానికి నడిమి చోటు దక్కింది. ఎవరి మర్యాద వారికి ఉంది.

ఇంకో సంగతి. ఈ రెండూ తలుపుల్లేని ద్వారాలే. వరంగల్‌లో స్వయంభూ శివాలయం చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు తోరణాలున్నాయి. చార్మినార్‌కూ నాలుగు దిక్కులకు తెరుచుకున్న నాలుగు కమానులున్నాయి. తోరణం దూలం తిన్నగా ఉంటుంది, కమాను మొన తేలి ఉంటుంది. ఆ తిన్నని గీత కింద ఈ వంపు ఒదిగిపోవడం వల్లే బొమ్మ అతికించినట్టు కాక కట్టినట్టు కనిపిస్తుంది.

లోపం లేదా అంటే ఉంది. అసలు తోరణం అందమంతా దూలం చివర్ల మీది హంసల్లో, కిందికి వేలాడే తామరమొగ్గల్లో ఉంది. అంగుళం ముద్రలో అవి నలుసులైపోతాయి. రబ్బరు స్టాంపు మీద ఇంకు ఎక్కువైతే చుట్టూ ఉన్న అక్షరాలు అలుక్కుపోతాయి. అయినా ఈ ముద్ర ఉన్న హాల్‌టికెట్‌ను జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌కు మళ్లీ జిరాక్స్ తీసినా, నలుపు తెలుపుల్లో ద్వారంలో ద్వారం మాత్రం ఆనవాలు పడుతుంది. ముద్ర గీసినవాడికి ఇంతకన్నా గట్టి పరీక్ష లేదు.

2024లో ప్రభుత్వం ముద్రను మార్చబోయింది. కొత్తదాంట్లో తోరణం, చార్మినార్ ఉండవన్న మాట రాగానే నిరసనలు రేగాయి. జూన్ 2న ‘జయ జయహే తెలంగాణ’ రాష్ట్ర గీతంగా వచ్చింది గానీ, కొత్త ముద్ర ఆవిష్కరణ వాయిదా పడింది. రాజకీయాలు ఎలా ఉన్నా, గీత పనిగా చూస్తే ఆ రెంటిలో ఏ ఒక్కటి తీసేసినా రెండోది ఒంటరి కట్టడంగా మిగిలిపోతుంది.

పరీక్ష అయిపోయాక సికింద్రాబాద్‌లో రైలెక్కి వరంగల్ వెళ్లండి. కోటలో ఆ తోరణం కింద నిలబడి, చేతిలోని హాల్‌టికెట్‌ను పక్కన పెట్టి పోల్చి చూడండి.